డిస్టింగ్విష్‌కు అర్థం వ్రాయబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లీషు క్రియలకు తెలుగు అర్థాలు ఇచ్చే నిఘంటువులో డి అక్షరంతో మొదలయ్యే మాటలు నీ వంతుకు వచ్చాయనీ, వాటిలో డిస్టింగ్విష్ అనే మాటతో పని మొదలుపెట్టబోతున్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. వినగానే మనసు నిండిపోయింది, ఆ వెంటనే గుబులూ పట్టుకున్నది. ముప్ఫై ఏళ్ళకు పైగా అనువాదమే బ్రతుకుతెరువుగా గడిపినవాడిని కాబట్టి, ఆ ఒక్క మాట దగ్గర నేను పడిన గోతిలోనే నీవూ పడతావేమోనన్న దిగులుతో నిద్ర పట్టక, తెల్లవారుజామున లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నాలుగు మంచి నిఘంటువులు ముందు పెట్టుకోవాలనీ, ఉదాహరణలు పోగుచేయాలనీ నీకు నేను చెప్పనక్కరలేదు. ఉచ్చారణ విషయంలో రెండో అక్షరం మీద ఊనిక పడుతుందని ఒక ముక్క వ్రాస్తే సరిపోతుంది. నాకు భయమల్లా మీ అమ్మ చెప్పిన మరో మాట విన్నాక కలిగింది: ఈ మాటకు ‘తేడా గుర్తించు’ అని ఒక అర్థం ఇచ్చి ముందుకు సాగిపోతానన్నావట, అలా వారానికి నలభై మాటలు ముగిస్తానన్నావట. పందెం వేసుకున్నావా ఎవరితోనైనా? అర్థం వ్రాయడానికి ముందు ఆ క్రియకు కర్త ఎవరో, దాని వెనుక ఏ విభక్తి మాట వస్తున్నదో చూడు. డిస్టింగ్విష్ తన అర్థాన్ని ఆ రెండింటిలోనే దాచుకున్నది.

నీకు అయిదేళ్ళున్నప్పుడు పలక పట్టుకొని నా పక్కన కూర్చుని థ, ధ అక్షరాలను ఎప్పుడూ తారుమారు చేసేదానివి. రెండూ ఒకటే కదా మామయ్యా అని వాదించేదానివి కూడా. నేను బలపంతో అక్షరం పొట్టలో చుక్క పెట్టి, వేలితో తుడిచి, మళ్ళీ పెట్టి చూపించాను. నీవు నా చేతిలోంచి బలపం లాక్కొని పలక నిండా చుక్కలు పెట్టావు. ఆ చుక్కను ఇప్పుడు మళ్ళీ బయటికి తియ్యి. ‘ద చైల్డ్ కెన్ డిస్టింగ్విష్ థ ఫ్రమ్ ధ’ అన్న వాక్యంలో కర్త మనిషి. పిల్ల థ ఏదో ధ ఏదో పోల్చుకోగలదని తెలుగులో హాయిగా చెప్పవచ్చు. ‘ఎ డాట్ డిస్టింగ్విషెస్ థ ఫ్రమ్ ధ’ అన్నప్పుడు కర్త చుక్క. చుక్కకు కళ్ళు లేవు, బుద్ధి లేదు, అది దేనినీ గుర్తించదు. ‘చుక్క థను ధ నుండి గుర్తిస్తుంది’ అని వ్రాసిన అనువాదాలను నేను ఎర్ర సిరాతో ఎన్నిసార్లు కొట్టేశానో లెక్కలేదు. అక్కడ తెలుగు వాక్యాన్ని తిరగేయాలి: చుక్కను బట్టి ఏది థ, ఏది ధ అన్నది తెలుస్తుంది, లేదా ఈ రెండింటికీ ఉన్న తేడా అల్లా ఆ చుక్కే. తెలుగులో ‘బట్టి’ అనే చిన్న మాట చేసే ఈ పనిని నీ నిఘంటువు చూపించకపోతే, చదివేవాడు మళ్ళీ ‘గుర్తిస్తుంది’ దగ్గరికే పోతాడు.

చుక్క పోలిక నేను ఊరికే తీయలేదు. ఈ క్రియ 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. దాని మూలమైన లాటిన్ క్రియ డిస్టింగ్వెరెకు అసలు భావం పొడిచి, గుర్తు పెట్టి వేరుచేయడమని చెబుతారు. 4వ శతాబ్దానికి చెందిన డొనాటస్ వంటి లాటిన్ వ్యాకర్తలు, చదివేవాడు ఎక్కడ ఎంతసేపు ఆగాలో తెలపడానికి పంక్తిలో పైన, మధ్యన, కింద పెట్టే చుక్కలను డిస్టింక్టియో అనే మాటతోనే వ్యవహరించారు. నీవు పలక మీద చేసిన పనీ అదే. ఈ సంగతి నిఘంటువులో పట్టదు, నీ మనసులో ఉంచుకో.

ఇక విభక్తి మాటలు. ఒకదాని నుంచి మరొకదానిని వేరుచేసి చెబితే ఫ్రమ్, రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే బిట్వీన్, ఆ వెంట తప్పకుండా ఆండ్. ‘బిట్వీన్ థ ఫ్రమ్ ధ’ అని కలగలిపితే తప్పు. మన ‘తో’ ప్రభావం వల్ల విత్ పెట్టేవారు ఉంటారు, అదీ ఇక్కడ కుదరదు. ‘నాకు తేడా తెలియడం లేదు’ అన్న తెలుగు వాక్యం మనసులో పెట్టుకొని ‘ఐ యామ్ నాట్ డిస్టింగ్విషింగ్’ అనేవారిని చాలామందిని చూశాను. ఈ అర్థంలో ఆ క్రియ సాధారణంగా కెన్, కుడ్‌ల తోడుతో వస్తుందని, అక్కడ ‘ఐ కాంట్ డిస్టింగ్విష్’ అనాలని ఒక హెచ్చరిక పెట్టు. ఏ విభక్తి మాటా లేకుండా వచ్చే వాడుక మరొకటి ఉన్నది. మసక వెలుతురులో దూరాన ఉన్న ఆకారం స్పష్టం కానప్పుడూ ఇంగ్లీషువారు ‘కుడ్ నాట్ డిస్టింగ్విష్’ అంటారు. అక్కడ పోల్చడానికి రెండు వస్తువులు లేవు, కాబట్టి ‘తేడా’ అనే మాటకే చోటు లేదు. తెలుగులో ఆకారం కంటికి ఆనలేదు అంటాము. ‘ఆను’ అనే క్రియ ఈ నిఘంటువులో ఎక్కడైనా కనిపించాలని నా కోరిక, ఇంతకన్నా తగిన చోటు దానికి దొరకదు.

ఇప్పుడు నా గొయ్యి సంగతి. ఇంతకు ముందు మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అనువాదాలు మొదలుపెట్టి రెండేళ్ళు కూడా నిండని రోజుల్లో, ఒక పెద్దమనిషి తన వ్యాజ్యంలో వచ్చిన తీర్పును తెలుగులోకి మార్చిపెట్టమని తెచ్చాడు. తన స్థలానికి పోయే దారి మీద హక్కు కోసం పక్కవారితో వ్యాజ్యం వేసి ఓడిపోయాడు. తన పక్షాన ఏదో పాత తీర్పును చూపించారనీ, దానిని గురించి న్యాయమూర్తి ఏమన్నారో తనకు అర్థమయ్యేలా కావాలనీ అడిగాడు. తీర్పులో ఆ భాగం దగ్గర ‘ద డిసిషన్ సైటెడ్ స్టాండ్స్ డిస్టింగ్విష్డ్’ అని ఉన్నది. నా దగ్గరున్న చిన్న నిఘంటువులో డిస్టింగ్విష్డ్ అన్నదానికి మొదటి అర్థం విశిష్టమైన, రెండోది ప్రసిద్ధమైన. సభలలో అతిథులను ఆ మాటతోనే కదా ఆహ్వానిస్తారు! ‘వాది పేర్కొన్న పూర్వ తీర్పు విశిష్టమైనదిగా నిలుస్తున్నది’ అని వ్రాసి, వాక్యం గంభీరంగా కుదిరిందని మురిసిపోయాను.

అది చదివి ఆయన పొంగిపోయాడు. నా తీర్పును విశిష్టమైనదని మెచ్చుకొని కూడా నన్ను ఓడించారంటే ఇక్కడేదో పొరపాటు జరిగింది, పై న్యాయస్థానంలో తప్పకుండా గెలుస్తాను అని పట్టుబట్టి, అప్పీలుకు సన్నాహం చేసుకుంటూ నాలుగు నెలల పాటు తిరిగాడు. చివరికి మరో న్యాయవాది దగ్గరికి వెళ్ళి నా అనువాదాన్నే చూపించాడు. ఆయన నన్ను పిలిపించాడు. కోప్పడలేదు. ఇంగ్లీషు కాగితం నా ముందు పెట్టి, ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, దాని తరువాతి వాక్యం పైకి చదవమన్నాడు. చదివాను. ఆ పాత వ్యాజ్యంలో దారి విషయమై ఇరుపక్షాల మధ్య వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉన్నదనీ, ప్రస్తుత వ్యాజ్యంలో అటువంటిదేదీ లేదనీ ఉన్నది. ‘ఇప్పుడు మీ తెలుగులో అదే చోటు చదవండి’ అన్నాడు. రెండో వాక్యాన్ని నేను సరిగ్గానే అనువదించాను, అమ్మాయీ. నన్ను ఇప్పటికీ పొడిచేది అదే. తేడా ఏమిటో విప్పిచెబుతున్న వాక్యాన్ని నా చేతులతోనే తెలుగు చేసి, దాని మీది వాక్యంలో విశిష్టమని వ్రాసిన సంగతి నా కంటికి ఆనలేదు.

పూర్వ తీర్పులను ప్రమాణంగా స్వీకరించే న్యాయవ్యవస్థలలో న్యాయమూర్తి ఒక పాత తీర్పును డిస్టింగ్విష్ చేశారంటే, ఆ వ్యాజ్యం సంగతులు వేరు, ఈ వ్యాజ్యం సంగతులు వేరు, కాబట్టి ఆ తీర్పు ఇక్కడ వర్తించదని పక్కన పెట్టారని అర్థం. ఆ తీర్పు చెల్లదని తోసిపుచ్చడం ఇంకో పని, దానికి ఓవర్‌రూల్ అనే మాట ఉన్నది. డిస్టింగ్విష్ చేసిన తీర్పు తన చోట తాను బ్రతికే ఉంటుంది, ఈ కక్షిదారుకు మాత్రం అక్కరకు రాదు. ఇదంతా ఆ న్యాయవాది ఓపికగా చెబుతుంటే పెద్దమనిషి నా పక్కనే కూర్చుని విన్నాడు. కాసేపటికి, ‘అయితే ఆ ఒక్క వాక్యం మళ్ళీ వ్రాసి ఇవ్వండి బాబూ, కాగితంలో తప్పు ఉండకూడదు’ అన్నాడు. అక్కడికక్కడే వ్రాసి ఇచ్చాను. నా చేతివ్రాత అంత వంకరగా ఎన్నడూ పడలేదు.

అందుకే చెబుతున్నాను. న్యాయశాస్త్ర సంబంధమైన ఈ అర్థం అరుదైనదని ఎవరైనా అన్నా సరే, దానిని విడిచిపెట్టకు. డిస్టింగ్విష్డ్ అనే విశేషణాన్ని వేరే పదంగా విడదీసి, అక్కడి నుంచి క్రియకు, క్రియ నుంచి అక్కడికి చూడమని సూచన పెట్టు. ‘డిస్టింగ్విష్డ్ హర్సెల్ఫ్’ అని తన్ను తానే కర్మగా చేసుకున్నప్పుడు మాత్రం తెలుగులో రాణించింది, పేరు తెచ్చుకున్నది అంటే చాలు. ‘తనను తాను వేరుపరచుకున్నది’ అని వ్రాస్తే ఆవిడ అలిగి వెళ్ళిపోయినట్లు ఉంటుంది.

దీని చుట్టాల విషయంలో నీకు నా అంత బెదురు అక్కరలేదు. డిసర్న్‌కు మూలమైన లాటిన్ క్రియకు జల్లించడమని అర్థం. మన వివేకం, వివేచన అనే మాటల వెనుక ఉన్న సంస్కృత ధాతువు విచ్‌కు కూడా పొల్లు చెరిగి గింజలను వేరుచేయడమనే భావమే ఉన్నది. వాడుకలో డిసర్న్ పైకి కనబడనిదానిని పట్టుకోవడం కాబట్టి పసిగట్టు అన్న మాట చక్కగా అతుకుతుంది. డిఫరెన్షియేట్ చాలాచోట్ల డిస్టింగ్విష్ బదులు నిలుస్తుంది, గణితంలోకి పోతే మాత్రం అవకలనం అవుతుంది. టెల్ అపార్ట్ ఇంట్లో మాట్లాడుకునే మాట, కవలల విషయంలో ఎక్కువగా వింటాము. రికగ్నైజ్‌ను దీనితో ఒకే గాటన కట్టకు: ముక్కూ మొహం తెలియని కవలలలో ఒకరికి కనుబొమ్మ మీద మచ్చ ఉంటే వారిని విడివిడిగా పోల్చుకోగలవు, కానీ ఎవరు ఎవరో నీకు తెలియదు, కాబట్టి గుర్తుపట్టావని అనలేము. మన ‘గుర్తించు’ ఈ రెండు పనులనూ తానే చేస్తానని ముందుకు వస్తుంది, దానిని నమ్మకు.

డిస్క్రిమినేట్ దగ్గర ఒక్క క్షణం ఆగు. బిట్వీన్‌తో వస్తే తారతమ్యం తెలియడం, అగెన్‌స్ట్‌తో వస్తే వివక్ష చూపడం. 1948 నాటి సార్వజనీన మానవ హక్కుల ప్రకటన రెండో అధికరణంలో డిస్టింక్షన్ అనే మాట ఉన్నది, ఏడో అధికరణంలో డిస్క్రిమినేషన్ ఉన్నది. రెండు చోట్లా వివక్ష అని వ్రాసేస్తే మూలంలో ఉన్న రెండు మాటలు ఒకటైపోతాయి. నేనైతే మొదటిదానికి భేదం అంటాను. సంస్కృతంలో వివక్ష అంటే చెప్పదలచుకోవడం మాత్రమే, తెలుగులో ఈనాడు దాని అర్థం ఎంత దూరం జరిగిపోయిందో చూడు.

వారానికి నలభై అన్న లెక్క మానుకో. ఈ మాట ఒక్కదానికే వారం పట్టినా నీకు ఎవరూ వంక పెట్టరు, పెడితే నా దగ్గరికి పంపు. చిత్తుప్రతి వ్రాయగానే నాకు ఒకసారి చూపించు. చూపు తగ్గినా పెద్ద అక్షరాలు చదవగలను. నిన్ను చిన్నపిల్లలా చూస్తున్నానని అలగకు. పరీక్షలో డిస్టింక్షన్ తెచ్చుకున్న నాడు నీ మార్కుల కాగితాన్ని నేను ఎంతమందికి చూపించానో నీకు తెలియదు.

మరొక సంగతి. మీ అమ్మ ఫోను పెట్టేశాక నీవు నాకు పంపిన సందేశం చూశాను. ‘ఇదీ మామయ్యా కధ’ అని వ్రాశావు. చుక్క మరిచిపోయావు.

ఆశీస్సులతో,
మీ మామయ్య