యాప్ పలకదు, ఈఎంఐ ఆగదు: కట్టిన డబ్బు వెనక్కి ఎలా?

ప్రశ్న: సార్, మాది ఒడిశాలోని గుణుపురం. నాకు చూపు లేదు. ఒక ఆఫీసులో ఫోన్లు మాట్లాడే ఉద్యోగం, నెలకు 16,000 వస్తుంది. రెండు నెలల కిందట ఖర్చుల లెక్క రాసుకునే యాప్‌కి ప్లే స్టోర్‌లో ఏడాదికి 1,499 కట్టాను. ఫ్రీగా ఉన్నంతవరకు టాక్‌బ్యాక్‌లో (తెర మీద ఉన్నది చదివి వినిపించే ఫోన్ సదుపాయం) అంతా పలికింది. డబ్బు కట్టాక తెరుచుకున్న పేజీల్లో ఒక్క బటనూ పేరు చెప్పదు. 11 రోజులు తంటాలు పడి కంపెనీకి రాస్తే గడువు దాటిందన్నారు. అదే నెలలో బ్యాంకు పరీక్షల కోచింగ్ యాప్‌కి 18,000 అయింది. వాళ్ల మనిషి ఫోన్‌లో లింక్ పంపి, నెలకు 1,500 చొప్పున 12 నెలల ఈఎంఐ చేయించాడు. సెల్ఫీ కావాలంటే పక్కింటి అబ్బాయి ఫోన్ పట్టుకున్నాడు. తీరా చూస్తే మాక్ టెస్టుల్లో ప్రశ్న పలుకుతుంది, జవాబుల ఆప్షన్లు పలకవు. రిఫండ్ లేదని షరతుల్లో ఉందట. ఈఎంఐ ఆపేస్తే వాళ్లే దిగొస్తారని మా అన్నయ్య అంటున్నాడు. ఆపేయమంటారా?

జవాబు: వద్దమ్మా. అన్నయ్య కోపంలో న్యాయం ఉంది గానీ, దెబ్బ తగిలేది వాళ్లకి కాదు, మీకే. కోచింగ్ కంపెనీకి మీరు ఇప్పుడు పైసా బాకీ లేరు. వాళ్ల 18,000 వాళ్లకి ఎప్పుడో ముట్టి ఉంటుంది. మీరు బాకీ ఉన్నది ఆ లింక్ వెనకున్న ఫైనాన్స్ కంపెనీకి. ఈఎంఐ ఆపితే కోచింగ్ వాళ్లకి చీమ కుట్టినట్టయినా ఉండదు. పెనాల్టీ పడేది మీకు, సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తున్నారో చెప్పే మార్కు) దిగేది మీకు. రేపు బ్యాంకు ఉద్యోగానికే వెళ్లబోతున్నారు, అక్కడ సిబిల్ కూడా చూస్తారు. 1,500 కడుతూనే పోట్లాడండి.

ముందు ఆ లోన్ కాగితాలు తెప్పించుకోండి. ఏ ఫైనాన్స్ కంపెనీ, వడ్డీ ఎంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత అన్నవి 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే కాగితంలో ఉంటాయి. డిజిటల్‌గా లోన్ ఇచ్చే ప్రతి సంస్థా అది ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. స్కాన్ చేసిన బొమ్మలా పంపితే టాక్‌బ్యాక్ చదవలేదు, అక్షరాలు చదవగలిగే ఫైలే కావాలని అడగండి. లోన్ తీసుకున్నాక కూలింగ్ ఆఫ్ అని కొద్ది గడువు ఉంటుంది, అది కనీసం ఒక రోజు. ఆ లోపు అసలు, ఆ కాస్త రోజుల వడ్డీ కట్టేస్తే ముందుగా తీర్చినందుకు పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. మీకు ఆ గడువు దాటింది. అయినా ఈ మాట రాస్తున్నానంటే, కోచింగ్ ఫీజు ఈఎంఐ అనుకుని కడుతూ అది లోన్ అని తెలియనివాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. బరంపురంలో నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ ఉన్నారు, వాళ్లందరికీ చూపు ఉంది.

ఇప్పుడు కోచింగ్ కంపెనీ సంగతి. వాళ్లకి రాసేటప్పుడు 'యాప్ బాగోలేదు, నచ్చలేదు' అనే మాట పొరపాటున కూడా రాయకండి. నచ్చకపోతే రిఫండ్ లేదని వాళ్ల షరతుల్లో ఉంది, వెంటనే ఆ వాక్యం తీసి మీ మొహాన కొడతారు. మీది వేరే కేసు. మీరు కొన్నది మీకు అందలేదు. ఇంత చిన్న మాట చాలు:

'నాకు చూపు లేదు, ఫోన్ టాక్‌బ్యాక్‌తో వాడతాను. ఫలానా తేదీన మీ కోర్సుకు 18,000 కట్టాను. మాక్ టెస్టులో ప్రశ్న తర్వాత వచ్చే నాలుగు ఆప్షన్లకూ ఫోన్ బటన్ అని మాత్రమే అంటుంది, లోపలి జవాబు చదవదు. కాబట్టి ఒక్క టెస్టు కూడా రాయలేకపోయాను. వీడియో జత చేశాను. డబ్బు వెనక్కి ఇచ్చి లోన్ రద్దు చేయించండి.'

అసలు పరీక్షలో స్క్రైబ్ (మీరు చెప్పే జవాబు రాసిపెట్టే మనిషి) ఉంటారు కదా, ఇక్కడా ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి అని వాళ్లు సలహా ఇస్తారు, చూడండి. పరీక్ష హాల్లో స్క్రైబ్ ఉంటారు, గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, నిజమే. కానీ మీరు కొన్నది రాత్రి ఇంట్లో ఒక్కరే కూర్చుని చేసే ప్రాక్టీస్. దానికి స్క్రైబ్‌ని కూడా కలిపి అమ్మారా అని అడగండి.

వీడియో పక్క ఫోన్‌తో తీయించండి. స్క్రీన్ రికార్డింగ్‌లో టాక్‌బ్యాక్ గొంతు ఒక్కోసారి రికార్డు కాదు. ఇంకో దారి కూడా ఉంది. టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి, అక్కడి నుంచి డెవలపర్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే 'డిస్‌ప్లే స్పీచ్ అవుట్‌పుట్' అని ఉంటుంది. అది ఆన్ చేస్తే ఫోన్ పలికే ప్రతి మాటా తెర మీద అక్షరాల్లో కనపడుతుంది. అప్పుడు తీసిన స్క్రీన్‌షాట్‌లో 'అన్‌లేబుల్డ్' (పేరు పెట్టని బటన్) అన్న ముక్క చూపున్నవాడికి కూడా అర్థమవుతుంది. అవతల ఫైలు చూసే ఉద్యోగి టాక్‌బ్యాక్ పేరు విని ఉండకపోవచ్చు, అతని కళ్ల ముందు పెట్టాలి.

అంతకన్నా ముందు ఒక్కటి సరిచూసుకోండి. మన ప్రాంతంలో ఒకే తెర మీద తెలుగు, ఒడియా, ఇంగ్లీషు కలిసి ఉంటాయి. ఆ భాష చదివే గొంతు ఫోన్‌లో లేకపోతే ఆ ముక్క పలక్కుండా దాటిపోవచ్చు. అది యాప్ తప్పు కాదు, కస్టమర్ కేర్ వాళ్లు మొదట పట్టుకునేది అదే. ఆప్షన్లు ఇంగ్లీషులోనే ఉండి, ఇంగ్లీషు గొంతు ఉండి కూడా పలకకపోతే ఇక వాళ్లకి సాకు లేదు.

ఖర్చుల యాప్‌కి కట్టిన 1,499 విషయంలో దారి వేరు. ప్లే స్టోర్‌లో కొన్నవాటికి 48 గంటల్లోపు అయితే స్టోర్‌నే నేరుగా రిఫండ్ అడగొచ్చు. ఆ తర్వాత స్టోర్ మిమ్మల్ని యాప్ తయారుచేసిన వాళ్ల దగ్గరికి పంపుతుంది. గడువు దాటిందని వాళ్లు చెప్పింది స్టోర్ గడువు గురించి. 48 గంటలు దాటినా తయారీదారు తలుచుకుంటే ఇవ్వొచ్చు. మీ ఈమెయిల్‌కి వచ్చిన రసీదులో 'జీపీఏ' అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబర్ ఉంటుంది, అది పెట్టి పైన చెప్పినట్టే మళ్లీ రాయండి. ఒక్క వాక్యం అదనంగా చేర్చండి: ఫ్రీ పేజీలు పలికాయి కాబట్టే కొన్నాను, డబ్బు కట్టాకే తెరుచుకునే పేజీలను కట్టకముందు పరీక్షించే దారి మీరే ఇవ్వలేదు. నా దృష్టిలో మీ కేసులో బలమైన పాయింట్ ఇదే. ఐఫోన్ వాడేవాళ్లు ఇదే పనిని ఆపిల్ 'రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్' పేజీలో చేయాలి, జవాబు మామూలుగా 24 నుంచి 48 గంటల్లో వస్తుంది.

రిఫండ్ వచ్చినా రాకపోయినా ఆ సబ్‌స్క్రిప్షన్‌ని ఈరోజే క్యాన్సిల్ చేయండి. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ పోదు, వచ్చే ఏడాది మళ్లీ 1,499 లాగేస్తుంది. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్, అందులో పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లాలి. ఆటోపే పెట్టి ఉంటే యూపీఐ యాప్‌లో మ్యాండేట్ (డబ్బు తీసుకోమని ముందే ఇచ్చిన అనుమతి) కూడా రద్దు చేయండి. డబ్బు కట్ అయ్యే ముందు కనీసం 24 గంటలకి మెసేజ్ రావాలని రూలు ఉంది, కానీ రోజుకు వచ్చే యాభై ప్రకటనల మధ్య అది మీ చెవిన పడుతుందని నమ్మకం పెట్టుకోవద్దు.

బ్యాంకుకు వెళ్లి చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి అడగడం) వేయమని ఎవరైనా చెబుతారు. కార్డుతో కట్టి ఉంటే అదీ ఒక దారే గానీ, స్టోర్‌లో కొన్నదాని మీద చార్జ్‌బ్యాక్ వేస్తే మీ స్టోర్ ఖాతాలో కొనుగోళ్లకి బ్రేక్ పడే ప్రమాదం ఉంది. 1,499 కోసం అంత రిస్క్ వద్దు.

రెండు కంపెనీలూ కదలకపోతే చట్టం మీ వైపే ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇవి 2020 ఈ-కామర్స్ నిబంధనలు. నెల దాటితే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. చిన్న మొత్తాలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి, కంపెనీలకి కూడా కోర్టు దాకా వెళ్లాలని ఉండదు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ బెంగళూరులో ఉన్నా మీరు ఉండే చోటే కేసు వేయొచ్చని 2019 చట్టం చెబుతోంది, అంటే మీకు రాయగడ. 5 లక్షల లోపు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువు ఉంది. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేసి, విచారణ వీడియోలో జరపమని అడగండి, ప్రతి వాయిదాకీ గుణుపురం నుంచి రాయగడ బస్సెక్కాల్సిన పని తప్పుతుంది. లోపమున్న సేవకు రసీదులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో డబ్బు వెనక్కి ఇవ్వకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. 'రిఫండ్ లేదు' అని ఎవరికి వాళ్లు రాసుకున్నంత మాత్రాన ఆ మాట చెల్లుతుందని లేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సేవలకీ వర్తిస్తుంది. ఢిల్లీలోని దివ్యాంగుల చీఫ్ కమిషనర్‌కి ఫిర్యాదు పంపొచ్చు, మొదటి ఉల్లంఘనకు 10,000 వరకు జరిమానా ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఆ కేసు నడిచిందే మీ పక్కింటి అబ్బాయి పట్టుకున్న సెల్ఫీ లాంటి వాటి మీద. కళ్లార్పమనే, తెర మధ్యకి మొహం తెమ్మనే కేవైసీ (గుర్తింపు తనిఖీ) అందరికీ సాధ్యం కాదని యాసిడ్ దాడి బాధితులు, చూపు లేని ఒక లాయరు వేసిన పిటిషన్లు అవి. జరిమానా మీ జేబులోకి రాదు, ఈ తీర్పు చూపిస్తే 18,000 దానంతటదే రాదు. కానీ ఫిర్యాదులో ఈ రెండు వాక్యాలు ఉంటే చదివేవాడు ఇంకాస్త జాగ్రత్తగా చదువుతాడు.

ఆ పక్కింటి అబ్బాయి గురించి ఒక మాట. సెల్ఫీ పట్టుకోవడం దాకా సరే. యాప్ పలకడం లేదని ఓటీపీ, యూపీఐ పిన్ కూడా అతనితోనే కొట్టించే అలవాటు ఉంటే మానేయండి. అబ్బాయి మంచివాడే కావచ్చు, ఫోన్ మాత్రం మీది, బ్యాంకు ఖాతా మీది.

ఇక ముందు కొనబోయే వాటికి ఒక లెక్క చెప్తాను. మీ యాప్ నెలకు 199, ఏడాదికి 1,499 అనుకుందాం. నెలనెలా కడితే ఏడాదికి 2,388, అంటే 889 ఎక్కువ. చూపున్నవాళ్లకి ఏడాది ప్లానే లాభం, ఎవరికైనా అదే చెప్తాను. మీకు మాత్రం నెల ప్లాన్ చెప్తాను. ఎందుకంటే ఈరోజు పలికే యాప్ రేపటి అప్‌డేట్‌తో మూగబోవచ్చు. నాలుగో నెలలో అది జరిగితే మీరు పోగొట్టుకునేది 796, ఏడాది ప్లాన్‌లో అయితే 1,499 ఇరుక్కుపోతుంది. ఏడున్నర నెలలు దాటి నిలకడగా పలికితేనే ఏడాది ప్లాన్ గెలుస్తుంది. పైన కట్టే ఆ 889ని ఇన్సూరెన్స్ ప్రీమియం అనుకోండి. కొన్నరోజే గంటసేపు కూర్చుని డబ్బు కట్టాక తెరుచుకునే పేజీలన్నీ తడమండి. ఒక్కటి పలక్కపోయినా 48 గంటల్లోనే రిఫండ్ అడగండి, అప్‌డేట్ వస్తుందేమోనని ఆగొద్దు. స్టోర్ బయట లింక్‌లో కడితే ఈ 48 గంటల వెసులుబాటు కూడా ఉండదు, కోచింగ్ విషయంలో జరిగింది అదే.

ఖర్చుల లెక్కకి అసలు యాప్ కొనడం ఎందుకన్నది నా సొంత గొణుగుడు. 16,000 జీతానికి వాట్సాప్‌లో మీ నంబర్‌కే మీరు మెసేజ్ పెట్టుకుంటే చాలు: 'కూరలు 80, ఆటో 30'. నోటు ఎంతదో చెప్పడానికి రిజర్వు బ్యాంకు 'మణి' యాప్ ఉచితం, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. చూపు లేనివాళ్లకి నిజంగా పనికొచ్చే వాటిలో చాలా వాటికి డబ్బు కట్టక్కర్లేదు.

చివరగా, కోచింగ్ వాళ్లు రిఫండ్‌కి ఒప్పుకుంటే డబ్బు మీ ఖాతాలో వేయమనకండి. మిగిలిన వాయిదాల మేరకు ఫైనాన్స్ కంపెనీకే కట్టి లోన్ మూసేయమనండి, మీరు ఇప్పటికే కట్టిన ఈఎంఐలు మాత్రం మీ ఖాతాకి రావాలి. ఫైనాన్స్ కంపెనీకి కూడా ఈ గొడవంతా రాసి పెట్టండి. వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా రాయొచ్చు. లోన్ మూసినట్టు ఎన్ఓసీ (ఇక బాకీ లేదనే పత్రం) తీసుకుని, రెండు నెలల తర్వాత సిబిల్ రిపోర్టు తెప్పించండి, ఏడాదికి ఒకసారి ఉచితం. అందులో ఆ లోన్ పక్కన 'క్లోజ్డ్' అని ఉండాలి. 'సెటిల్డ్' (పూర్తిగా కాక, కొంత తగ్గించి తీర్చారని) అని ఉంటే వెంటనే సరిచేయించండి, బ్యాంకులు ఆ రెండింటినీ ఒకేలా చూడవు.