జియాలజీ వదిలేసి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళిపోవాలా?

తమ్ముడూ, నువ్వడిగింది ఇది: బీఎస్సీ జియాలజీ ఫైనలియర్‌లో ఉన్నావ్, భూగర్భజలాలంటే ఇష్టం, కానీ బోర్ల రికార్డులన్నీ వెబ్ మ్యాపుల్లోకి ఎక్కిపోతున్నాయి కదా, ఇక జియాలజీ పక్కన పెట్టి కోడింగే నేర్చుకోవాలా అని. వద్దు, పక్కన పెట్టొద్దు. లీఫ్‌లెట్ లాంటి, వెబ్ మ్యాపులు చేసే ఉచిత కోడ్ లైబ్రరీతో కూర్చుంటే కొద్ది రోజుల్లోనే మ్యాప్ మీద చుక్కలు వచ్చేస్తాయి, అసలు కష్టమంతా ఆ చుక్క వెనకున్న రికార్డు సరైందో కాదో తేల్చడంలో ఉంది, అక్కడ నీ చదువే అక్కరకొస్తుంది.

బోరు వివరాలు రాసిన ఒక పాత రికార్డు కార్డు ఊహించుకో. లోతు 300 అని ఉంది, అడుగులో మీటర్లో రాయలేదు. అడుగులైతే 91 మీటర్లే. ఎలా తేలుస్తావ్? కింద రాసిన పొరల వివరాలు చదివి, చుట్టుపక్కల బోర్లలో గట్టిరాయి ఎంత లోతులో తగిలిందో దాంతో పోల్చి చూస్తావ్. అదే కార్డులో అక్షాంశం ఇన్ని డిగ్రీల 30 నిమిషాలు అని ఉంటుంది, అంటే అర డిగ్రీ, కానీ ఎంట్రీ కొట్టేటప్పుడు తొందర్లో పాయింట్ పెట్టి 30 అని కొట్టేస్తే 0.2 డిగ్రీ తేడా వచ్చి బోరు దాదాపు 22 కిలోమీటర్ల అవతల తేలుతుంది. నీటిమట్టం ఇంకా మోసం చేస్తుంది. బోరులో దించిన కేసింగ్ పైపు నేల నుంచి 60 సెంటీమీటర్లు పైకి ఉందనుకో, ఒకసారి పైపు అంచు నుంచి కొలిచి ఇంకోసారి నేల నుంచి కొలిస్తే, నీళ్ళు అంగుళం కూడా కదలకపోయినా గ్రాఫ్‌లో 60 సెంటీమీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది. ఇలాంటివి పట్టుకోగలిగేవాళ్ళు చాలా తక్కువమంది, అందుకే నిన్ను ఆగమంటున్నా.

నేర్చుకోవాల్సినవి ఉన్నాయి, కాదనను. ముందు క్యూజీఐఎస్, కంప్యూటర్‌లో మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్, ఉచితమే. తర్వాత డేటాబేస్ నుంచి వివరాలు రాబట్టే భాష ఎస్‌క్యూఎల్, డేటాబేస్‌లో మ్యాప్ స్థానాలు దాచుకోనిచ్చే పోస్ట్‌జీఐఎస్, వీటి మీద మాత్రం గట్టిగా కూర్చో, ఎందుకంటే బోరు ఒక్కటే కానీ దాని నీటిమట్టం రీడింగులు ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటాయి, అన్నీ ఒకే షీట్‌లో కుక్కితే కొన్నాళ్ళకి ఎవరికీ అర్థం కాదు, బోరుకి ఒక టేబుల్, రీడింగులకి ఇంకోటి, రెండింటినీ కలిపే బోరు నంబర్, ఈ అమరిక నీ చేతులతో నువ్వే కట్టి చూడాలి. వెబ్ పేజీల కోడింగ్ భాష జావాస్క్రిప్ట్ పని జరిగేంత వస్తే చాలు. యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు అందరికీ కనిపించే మ్యాప్‌లోకి రాకుండా విడిగా ఉంచడం కూడా మొదటి రోజు నుంచే అలవాటు చేసుకో, వాళ్ళు నమ్మి ఇచ్చిన వివరాలవి.

ఈ సెలవుల్లో ఒక యాభై బోర్ల డేటా తీసుకుని చిన్న మ్యాప్ చెయ్. అనుమానం ఉన్న రికార్డులు చెరిపెయ్యకు, వేరే రంగు పెట్టి, నొక్కితే ఎందుకు అనుమానమో ఒక్క లైన్‌లో కనపడేలా రాయి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ముందు ఆ రంగు చుక్కలు తెరిచి చూపించు.