రిజర్వ్ సర్వీసు రికార్డులో తప్పు దొర్లితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికా ఆర్మీ రిజర్వ్‌లోనూ నేషనల్ గార్డ్‌లోనూ ఉన్న తెలుగువాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు రాసిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ: చేసిన సర్వీసు కాగితం మీద కనపడటం లేదని. ఈసారి ఐదు ఉత్తరాలకు జవాబులిస్తున్నాం. మొదటి జవాబు పెద్దది. తక్కినవాటికి కావలసిన లెక్క కూడా అందులోనే ఉంది.

ప్రశ్న: నేను ఆర్మీ రిజర్వ్‌లో సార్జెంట్‌ని. నా లెక్క ప్రకారం 19 ఏళ్లు పూర్తయ్యాయి. ఈమధ్య పాయింట్ల స్టేట్‌మెంట్ తీస్తే 18 గుడ్ ఇయర్లే ఉన్నాయి. మధ్యలో ఒక ఏడాదికి 35 పాయింట్లే వేశారు. ఆ ఏడాది ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లాను. జులై నుంచి నవంబరు దాకా పాత యూనిట్‌లో, జనవరి నుంచి మే దాకా కొత్త యూనిట్‌లో డ్రిల్ చేశాను. వేసవి శిక్షణకు మాత్రం వెళ్లలేకపోయాను. యూనిట్‌లో అడిగితే "బోర్డుకు రాసుకో" అంటున్నారు. ఏం చేయమంటారు? — ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: బోర్డు అంటే సైనిక రికార్డుల్లో తప్పులు దిద్దే బోర్డు. అక్కడి దాకా ఇప్పుడే వెళ్లకండి. మీ తప్పు ఎక్కడుందో మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది.

గుడ్ ఇయర్ కావాలంటే ఆ రిటైర్మెంట్ ఏడాదిలో 50 పాయింట్లు రావాలి. రిజర్వ్‌లో పేరున్నందుకే ఏడాదికి 15 వస్తాయి. నాలుగు గంటల డ్రిల్‌కు ఒక పాయింటు, అంటే మామూలు శనాదివారాల డ్రిల్‌కు నాలుగు. యాక్టివ్ డ్యూటీలో రోజుకొకటి. మీ స్టేట్‌మెంట్‌లోని 35ను విడదీస్తే 15 సభ్యత్వానివి, 20 కొత్త యూనిట్‌లోని ఐదు నెలలవి. పాత యూనిట్‌లో చేసిన ఐదు నెలల డ్రిల్ పాయింట్లు మరో 20 అసలు ఎక్కనే లేదు. అవి ఎక్కితే మొత్తం 55 అవుతుంది, ఆ ఏడాది నిలబడుతుంది.

యూనిట్ మారినప్పుడు ఇలా పోవడం మామూలే. హాజరు మొదట యూనిట్ పట్టీలో పడుతుంది, అక్కడి నుంచి జీతానికి, పాయింట్లకు వెళుతుంది. మనిషి బదిలీ అయ్యాక చివరి నెలల పట్టీ ఆలస్యంగా వెళితే పాత యూనిట్ జాబితాలో ఆ పేరు ఉండదు. ఎంట్రీ తిరస్కరణకు గురవుతుంది. దాన్ని మళ్లీ ఎక్కించే బాధ్యత ఎవరూ తీసుకోరు.

అయితే ముందు ఒక్కటి చూసుకోండి. మీ రిటైర్మెంట్ ఏడాది ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తోంది? అది క్యాలెండర్ ఏడాదీ కాదు, అక్టోబరులో మొదలయ్యే ఆర్థిక సంవత్సరమూ కాదు. మీరు చేరిన తేదీ నుంచి నడుస్తుంది. ఆ తేదీ తప్పుగా పడితే పాయింట్లు పోవు గానీ పక్క ఏడాదిలో పడతాయి. అప్పుడు ఒక ఏడాదికి 35, దాని పక్కదానికి ఉండాల్సిన దానికంటే ఎక్కువ కనిపిస్తాయి. అలా కనిపిస్తే మీరు సరిచేయించాల్సింది డ్రిల్ ఎంట్రీలను కాదు, తేదీని. చేరినప్పటి కాంట్రాక్టు, అంటే డీడీ ఫారం 4, దానికి సాక్ష్యం.

తేదీ సరిగ్గానే ఉంటే ఆ ఐదు నెలలకు కాగితాలు పోగు చేయండి. అన్నిటికంటే గట్టిది జీతం చీటీ, ఎల్ఈఎస్. డ్రిల్‌కు జీతం ఇచ్చారంటే హాజరును ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. సైన్యం జీతాల వెబ్‌సైటు మైపేలో పాత చీటీలు ఎల్లకాలం ఉండవు కాబట్టి, మీ దగ్గర లేకపోతే ఆ నెలల జీతపు రికార్డు కావాలని సైన్యం జీతాలు చూసే ఆఫీసు డీఫాస్‌ను రాతపూర్వకంగా అడగండి. ఆ తర్వాత బలమైనవి సంతకాల హాజరు పట్టీ, డీఏ ఫారం 1379. యూనిట్‌కు బయట చేసిన డ్యూటీ అయితే డీఏ ఫారం 1380. ఇవేవీ దొరక్కపోతే అప్పటి కమాండర్ గానీ ఫస్ట్ సార్జెంట్ గానీ ప్రమాణపూర్వకంగా రాసిచ్చిన పత్రం. అందులో "ఇతను మంచి సైనికుడు" అని పేజీ నిండా రాయించినా పనికి రాదు. ఫలానా నెల ఫలానా శనాదివారాల్లో డ్రిల్‌కు వచ్చాడు, నేను అక్కడే ఉండి చూశాను, ఆ రెండు ముక్కలు చాలు.

తర్వాత తెల్లకాగితం మీద చిన్న పట్టిక గీయండి. తేదీ, ఎన్ని డ్రిల్లులు, రికార్డులో ఎన్ని పాయింట్లు ఉన్నాయి, ఎన్ని ఉండాలి, రుజువు ఏ కాగితం. ఇరవై పాయింట్లకు అయిదు వరుసలు. దీన్నీ కాగితాల కాపీలనూ, ఒరిజినల్స్ కావు సుమా, మీ ఇప్పటి యూనిట్ పర్సనల్ సెక్షన్ ద్వారా ఫోర్ట్ నాక్స్‌లోని హ్యూమన్ రిసోర్సెస్ కమాండ్‌కు పంపించండి. పాయింట్ల స్టేట్‌మెంట్, అంటే డీఏ ఫారం 5016, వాళ్ల చేతిలోనిది. రుజువు ఉంటే వాళ్లే దిద్దగలరు. పోగొట్టుకున్న సర్వీసు నేషనల్ గార్డ్‌లోనిదైతే ఫారం ఎన్జీబీ 23, దాన్ని దిద్దేది ఆ రాష్ట్ర గార్డ్ ప్రధాన కార్యాలయం. మీరిప్పుడు రిజర్వ్‌లో ఉన్నా సరే, గార్డ్ కాలానికి గార్డ్‌నే అడగాలి. ఇక్కడ పొరబడి తప్పు ఆఫీసుకు పంపినవాళ్లకు నెలల తరబడి జవాబే రాదు.

ఇదంతా 20 పాయింట్ల కోసమా అనిపించవచ్చు. పెన్షన్ లెక్కలో మొత్తం పాయింట్లను 360తో భాగిస్తారు. వచ్చిన ఏళ్లను పాత పద్ధతివాళ్లకు 2.5 శాతంతో, కొత్తదైన బ్లెండెడ్ పద్ధతివాళ్లకు 2 శాతంతో హెచ్చిస్తారు. ఆ లెక్కన 20 పాయింట్ల విలువ పాత పద్ధతిలో మూల వేతనంలో 0.14 శాతం. అంటే నెలకు 6,000 డాలర్ల మీద ఎనిమిది డాలర్లు. అసలు నష్టం అది కాదు. పెన్షన్‌కు అర్హత రావాలంటే 20 గుడ్ ఇయర్లు కావాలి. ఆ ఒక్క ఏడాది పోతే మీరు ఇంకో ఏడాది అదనంగా చేయాలి. వయసో ఆరోగ్యమో అడ్డొస్తే మొత్తం పెన్షనే పోవచ్చు. అందుకే పట్టుబట్టండి.

ప్రశ్న: పెన్షన్‌కు అర్హత వచ్చిందని చెప్పే 20 ఏళ్ల లేఖ నాకు వచ్చి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆడిట్ చేసి 19 ఏళ్లే అంటున్నారు. లేఖ రద్దు చేస్తారా? — ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: చేయలేరు. యూఎస్ కోడ్ టైటిల్ 10లోని 12738వ సెక్షన్ మీ పక్షాన ఉంది. అర్హత ఉందని మీకు లేఖ ఇచ్చాక, సర్వీసు లెక్కలో ఆఫీసు చేసిన పొరపాటు పేరు చెప్పి ఆ అర్హతను తీసేయడానికి లేదు. మీరే మోసం చేసి గానీ తప్పుడు సమాచారం ఇచ్చి గానీ లేఖ తెచ్చుకున్నారని తేలితే తప్ప. అయితే పెన్షన్ మొత్తాన్ని మాత్రం నిజమైన పాయింట్లతోనే కడతారు. కాబట్టి తగ్గిన ఏడాదిని పైన చెప్పిన పద్ధతిలో నిలబెట్టుకునే ప్రయత్నం ఆపకండి. 20 ఏళ్ల లేఖ అసలు ప్రతిని జాగ్రత్తగా దాచండి. మీ వాదన మొత్తం ఆ కాగితం మీదే నిలబడుతుంది.

ప్రశ్న: మావారు ఆర్మీ రిజర్వ్‌లో 21 ఏళ్లు చేసి మానేశారు. పెన్షన్ మొదలయ్యే అరవై రాకముందే, 54వ ఏట పోయారు. 20 ఏళ్ల లేఖ 2016లో వచ్చింది. ఫ్యామిలీ పెన్షన్ ఎంచుకున్న ఫారం ఫైల్లో లేదు కాబట్టి నాకేమీ రాదని ఫోన్లో చెప్పారు. రికార్డు దిద్దించవచ్చా? — ఒక పాఠకురాలు, నార్త్ కరొలైనా

జవాబు: అమ్మా, ఫోన్లో చెప్పిన మాటను తుది మాటగా తీసుకోకండి. మీ విషయంలో రికార్డు దిద్దించాల్సిన అవసరమే ఉండకపోవచ్చు.

రిజర్వ్‌వాళ్ల కుటుంబ పెన్షన్ పథకంలో లేఖ అందిన 90 రోజుల్లో ఫారం ఇవ్వాలి. దాని పేరు డీడీ 2656-5. 2001 జనవరి 1 తర్వాత లేఖ అందుకున్న వివాహితులు ఆ గడువులో ఏ ఫారమూ ఇవ్వకపోతే, చట్టమే వాళ్లను పూర్తి కవరేజీలో, భర్త లేదా భార్య పోయిన వెంటనే పెన్షన్ మొదలయ్యే పద్ధతిలో చేరుస్తుంది. అంతకంటే తక్కువ కావాలంటే జీవిత భాగస్వామి సంతకం తప్పనిసరి. అంటే ఫారం లేకపోవడం మీకు నష్టం కాదు, రక్షణ. లేఖ వచ్చేనాటికి మీ పెళ్లయి ఉందా అన్నదే ప్రశ్న. లేఖే అందకుండా పోయినవాళ్ల భార్యలకు కూడా టైటిల్ 10లోని 1448వ సెక్షన్‌లో దారి ఉంది.

మీరు చేయాల్సింది: మరణాన్ని హ్యూమన్ రిసోర్సెస్ కమాండ్‌కు తెలియజేసి, కుటుంబ పెన్షన్ దరఖాస్తు డీడీ 2656-7 పంపండి. మరణ ధ్రువపత్రం, పెళ్లి ధ్రువపత్రం, 20 ఏళ్ల లేఖ కాపీ జతచేయండి. రాతలో "ఫారం లేదు కాబట్టి చట్టప్రకారం కవరేజీ దానంతటదే వర్తిస్తుంది" అని స్పష్టంగా రాయండి. నిరాకరణ కూడా రాతలోనే ఇమ్మని అడగండి.

మనవాళ్లకు ఇబ్బంది వచ్చే చోటు పెళ్లి సర్టిఫికెట్. పెళ్లి గుళ్లోనో కళ్యాణమంటపంలోనో జరిగి, వీసా కోసం రిజిస్ట్రేషన్ ఎన్నో ఏళ్ల తర్వాత చేయించుకున్నవాళ్లు చాలామంది. సర్టిఫికెట్‌లో పెళ్లి తేదీ వేరు, రిజిస్ట్రేషన్ తేదీ వేరు. గుమాస్తా రెండోది చూసి కంప్యూటర్లో ఎక్కిస్తే, 2016లో మీకు పెళ్లే కానట్టు కనపడవచ్చు. సైనిక కుటుంబాల వివరాలుండే డీర్స్ రికార్డులో మీ పెళ్లి తేదీ ఏం పడిందో మొదట కనుక్కోండి. తెలుగులో ఉన్న పత్రం ఏదైనా ఉంటే ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణతో సహా జతచేయాలి.

ఇవన్నీ చేశాకా కాదంటే అప్పుడు డీడీ 149 అనే దరఖాస్తు ఫారంతో బోర్డుకు వెళ్లండి. చనిపోయిన సైనికుడి తరఫున భార్య దరఖాస్తు చేయవచ్చు.

ప్రశ్న: సర్వీసు నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన నా డీడీ 214 పత్రంలో ఇంటిపేరు, అసలు పేరు తారుమారుగా పడ్డాయి. ఎలా దిద్దించాలి? — ఒక పాఠకుడు, ఇలినాయ్

జవాబు: సర్వీసులో ఉన్నప్పుడు మీ సోషల్ సెక్యూరిటీ కార్డు మీద, చేరినప్పటి కాంట్రాక్టు మీద పేరు ఎలా ఉందో చూడండి. వాటిలో సరిగ్గా ఉండి డీడీ 214లోనే తిరగబడితే అది తప్పు. ఆ రెండు కాపీలతో రాస్తే డీడీ 215 అనే దిద్దుబాటు పత్రం ఇస్తారు. డీడీ 214ను తిరిగి టైపు చేసివ్వడం మామూలుగా జరగదు, రెండూ కలిపి ఉంచుకోవాలి. అప్పటి కార్డులోనే తిరగబడి ఉండి, తర్వాత పౌరసత్వం వచ్చేటప్పుడు మీరు సరిచేయించుకుంటే మాత్రం అది సైన్యం తప్పు కాదు. డీడీ 214 ఆ రోజు ఉన్న పేరునే చూపాలి. అప్పుడు నాచురలైజేషన్ సర్టిఫికెట్‌నో కోర్టు ఆర్డర్‌నో డీడీ 214తో జతపరచి చూపించడమే మార్గం.

ప్రశ్న: 2011 ఆగస్టు 1 నుంచి 2012 జనవరి 28 దాకా నన్ను యాక్టివ్ డ్యూటీకి పిలిచారు, మొత్తం 181 రోజులు. ప్రతి 90 రోజులకు పెన్షన్ వయసు మూడు నెలలు తగ్గుతుందన్నారు. ఆరు నెలలు రావాలి, మూడే వేశారు. ఇది తప్పు కాదా? — ఒక పాఠకుడు, జార్జియా

జవాబు: రికార్డు సరిగానే ఉంది. 2008 జనవరి 28 తర్వాతి సర్వీసుకే ఈ వెసులుబాటు. అందులోనూ 2014 సెప్టెంబరు 30 వరకు ఆ 90 రోజులు ఒకే ఆర్థిక సంవత్సరంలో పూర్తి కావాలి. మీ డ్యూటీ సెప్టెంబరు 30న రెండు ముక్కలైంది: మొదటి ఏడాదిలో 61 రోజులు, రెండో ఏడాదిలో 120. మొదటి ముక్క 90కి చేరలేదు, రెండో దాంట్లో ఒక 90 ఉంది. అందుకే మూడు నెలలు. 2014 అక్టోబరు తర్వాతి సర్వీసును రెండు వరుస ఆర్థిక సంవత్సరాల్లో కలిపి లెక్కించవచ్చు, కానీ మీ తేదీలు దానికి ముందువి.

ఒక్క చోట వెతకండి. 2010 అక్టోబరు నుంచి 2011 జులై మధ్యలో స్వచ్ఛందంగా చేసే యాక్టివ్ డ్యూటీకి సంబంధించిన 12301(డి) సెక్షన్ కింద మీకు వేరే ఆర్డర్లు ఏమైనా ఉన్నాయా? ఆ డ్యూటీ 29 రోజులు ఉన్నా 61కి కలిసి సరిగ్గా 90 అవుతుంది, మరో మూడు నెలలు వస్తాయి. ఏటా జరిగే రెండు వారాల శిక్షణ దీనికి పనికిరాదు. ఆర్డర్ మీద ఏ సెక్షన్ వేశారో చదవండి. సెక్షన్ నంబరు తప్పుగా టైపు అయి ఉంటే, ఆర్డర్ ఇచ్చిన ఆఫీసు నుంచి సవరణ తెచ్చుకోవడం మొదటి పని.

బోర్డు గురించి అందరికీ: డీడీ 149కు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, కోస్ట్‌గార్డ్ దేని బోర్డు దానికే. తప్పు కనుగొన్న మూడేళ్లలోపు రాయాలని టైటిల్ 10లోని 1552వ సెక్షన్ చెబుతుంది, అయితే న్యాయం కోసం అవసరమనిపిస్తే బోర్డు ఆలస్యాన్ని మన్నించగలదు. గడువు దాటితే ఎందుకు దాటిందో ఫారంలో చెప్పండి, ఖాళీగా వదలొద్దు. ఆఫీసులు సరిగ్గానే పనిచేశాయని బోర్డు ముందుగా అనుకుంటుంది. తప్పని చూపాల్సిన బరువు మీదే. ఫోర్ట్ నాక్స్ నుంచి తెప్పించుకున్న అభిప్రాయం కాపీని బోర్డు మీకు పంపుతుంది. దానికి ఆ లేఖలోని గడువులోగా జవాబివ్వండి. చాలామంది ఇక్కడే మౌనంగా ఉండి కేసు పోగొట్టుకుంటున్నారు. కేసుల్లో 90 శాతం పది నెలల్లో తేల్చాలని చట్టం. కాదన్నా, అంతకుముందు చూపని కొత్త కాగితం దొరికితే మళ్లీ పరిశీలించమని అడగవచ్చు. పాత కాగితాలనే కొత్త మాటలతో పంపితే మాత్రం అది కొత్త సాక్ష్యం కిందికి రాదు.