మీరు అడిగారు: లెఫ్టినెంట్ ఎక్కడ ఉంటాడు?

ప్రశ్న: మా అబ్బాయి డెహ్రాడూన్ ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ)లో శిక్షణ చివరి టర్ములో ఉన్నాడు. ఇన్‌ఫాంట్రీనే (పదాతిదళాన్నే) మొదటి ఎంపికగా రాస్తానంటున్నాడు. వాళ్ల నాన్నేమో ‘ఆర్మీ సర్వీస్ కోర్ రాయరా, సరుకులూ బళ్లూ చూసుకునే పని, భయం ఉండదు’ అంటున్నారు. లెఫ్టినెంటు అంటే ఆఫీసరే కదా, వెనక ఉండి ఆజ్ఞలిచ్చేవాడే కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. యుద్ధమంటూ వస్తే ఏం జరుగుతుందో దాచకుండా చెప్పండి.
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, దాచొద్దన్నారు కాబట్టి దాచను. పదాతిదళంలో లెఫ్టినెంటు వెనక ఉండడు. నేనూ ప్లటూన్ కమాండర్‌గానే మొదలుపెట్టినవాణ్ని.

ప్లటూన్ అంటే ముప్పై మంది అటూఇటుగా, మూడు సెక్షన్లు. చీకట్లో, కొండవాలు మీద, గుళ్ల మోతలో వాళ్లకు వినపడాల్సింది అతని గొంతు. ఎదుటి మెషిన్‌గన్ ఏ బండ సందులోంచి పేలుతోందో కళ్లతో చూస్తేనే కుడివైపు పోవాలో ఎడమవైపు పోవాలో తేలుతుంది. అది వెనక నుంచి కనపడదు. పైగా బండచాటున నేలకు కరుచుకుపోయిన జవాను లేచి ముందుకు ఉరకాలంటే, ముందు ఎవరో ఒకరు లేవాలి కదా. ఆ లేచేవాణ్నే శత్రువు కూడా వెతుకుతుంటాడు. భుజాన నక్షత్రాలు కనపడకపోయినా, చెయ్యి ఊపేదెవరో, అరిచేదెవరో చూస్తే తెలిసిపోతుంది.

కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28 రాత్రి సంగతి చెబుతాను. మనకది ఏరువాక పున్నమి. ద్రాస్ దగ్గర మాత్రం ఆ వెన్నెల శత్రువుకే పనికొచ్చింది, కొండెక్కేవాళ్లు కనపడిపోయారు. ఎక్కింది 2 రాజ్‌పుతానా రైఫిల్స్ అనే పదాతి బెటాలియన్. నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అనే కొండలు వాళ్ల లక్ష్యాలు. ఆ నెలలోనే తోలోలింగ్ శిఖరం గెలిచిన బెటాలియన్ అది.

అందులో విజయంత్ థాపర్ అనే కుర్రాడు 22 ఏళ్లవాడు. అప్పటి విజయంత ట్యాంకు పేరే అతనికి పెట్టారు, తండ్రీ సైనికాధికారే. 1998 డిసెంబరులో కమిషన్ పొందాడు, అంటే ఉద్యోగంలో చేరి ఏడు నెలలైనా కాలేదు. ఆ రాత్రి అతని కంపెనీ కమాండర్ మేజర్ పద్మపాణి ఆచార్య నేలకొరిగాక కూడా అతను దాడి ఆపలేదు. తర్వాత అతనూ పోయాడు. దాడికి ముందే ఇంటికి ఒక ఉత్తరం రాసి పెట్టాడు. అది మీకు అందేసరికి నేను ఆకాశం నుంచి మిమ్మల్ని చూస్తుంటాను అన్న మాట అందరూ చెప్పుకుంటారు. నాకు గట్టిగా తగిలేది వేరే మాట. అనాథాశ్రమానికి కొంత డబ్బివ్వండి, కశ్మీరులో నేను ఆదుకుంటున్న చిన్నపిల్లకు నెలనెలా 50 రూపాయలు మానకుండా పంపండి అని రాశాడు. మంచి ప్లటూన్ కమాండర్ బుర్ర అలాగే పనిచేస్తుంది. తనమీద ఆధారపడ్డవాళ్ల లెక్క చూసుకోకుండా బయల్దేరడు.

ఆచార్య కుటుంబం హైదరాబాదులో ఉండేది. ఆయనకు ముప్పై ఏళ్లు, భార్య గర్భిణి. ప్రాణనష్టం గురించి దిగులు పడకండి, అది మా వృత్తిలో ఉన్నదే అని పది రోజుల ముందు తండ్రికి రాశాడు. కోడలికి రోజుకో భారత కథ చెప్పమన్నాడు, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు అబ్బాలని. అభిమన్యుడి కథ తెలిసిన ఇల్లు కదా! ఆయన పోయాక కూతురు పుట్టింది.

ఇక మీవారి మాటకొస్తాను. అదే రాత్రి లోన్ హిల్ దగ్గర నాగాలాండ్ కుర్రాడు కెప్టెన్ నైకెఝకువో కెంగురూసే చనిపోయాడు. రాతి మీద పట్టు దొరక్క, ఆ చలిలో బూట్లు విప్పేసి ఎక్కినవాడు. ఆయన అసలు ఏ కోర్ అనుకున్నారు? ఆర్మీ సర్వీస్ కోరే. ఆ పదాతి బెటాలియన్‌కు అటాచ్‌మెంట్ మీద వచ్చి, దాని కమాండో ప్లటూన్‌ను నడిపాడు.

అలాగని ప్రమాదం అన్నిచోట్లా ఒకటేనని బుకాయించను. ఇన్‌ఫాంట్రీలోనే ఎక్కువ. యుద్ధం లేకపోయినా సరిహద్దు పోస్టులూ సియాచెనూ ఉండనే ఉంటాయి.

కానీ ఆ రాత్రులు అతని ఉద్యోగంలో కొన్నే. మిగతాదంతా, సినిమావాళ్లు చూపించరుగానీ, సంసారమే. కొత్తల్లో కొంతకాలం జవాన్లతోనే బ్యారక్‌లో పడుకోవాలి. వాళ్ల భాష పట్టుబడాలి. గోర్ఖా రెజిమెంట్ అయితే మీవాడు నేపాలీ నేర్చుకు తీరాలి. మంచు పోస్టులో రోజూ ఒక్కొక్కడి చేత మేజోళ్లు విప్పించి కాలివేళ్లు చూడాలి. ఎవడి చెల్లెలి పెళ్లికి సెలవు కావాలి, ఎవడి పొలం తగాదా కలెక్టరాఫీసులో నలుగుతోంది, ఎవడు ఇంటి ఉత్తరం చదివి అన్నం మానేశాడు, ఇవన్నీ తెలియాలి. తన కింద పనిచేసే, తండ్రి వయసున్న సుబేదారును ‘సాబ్’ అని పిలిచి, ఆయన సలహా విని, ఆ పైన నిర్ణయం మాత్రం తనే తీసుకోవాలి. ముందు దేశం, తర్వాత నీ జవాన్లు, అన్నిటికంటే చివర నీ సుఖం అని ఐఎంఏ చెట్‌వుడ్ హాల్లో రాసి ఉంటుంది. మీవాడికి ఈపాటికి కంఠతా వచ్చే ఉంటుంది.

వాడు రాసినంత మాత్రాన ఇన్‌ఫాంట్రీ వచ్చేస్తుందనీ లేదు. మెరిట్టూ ఖాళీలూ కూడా చూస్తారు. కానీ మీ కన్నీళ్లు చూసి ఎంపిక మార్చుకునేలా చేయకండి. మనసు ఒకచోట, మనిషి ఒకచోట ఉన్న ఆఫీసరు కింద పనిచేసే ముప్పై మందికీ తల్లులున్నారు. మీ భయం సంగతి దాచకుండా వాడితో చెప్పండి. వాడి కారణాలేమిటో అడగండి. వాళ్ల నాన్నగారినీ పక్కన కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న: పరమవీర చక్ర చనిపోయినవారికే ఇస్తారా?
– డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జవాబు: కాదు. యుద్ధంలో చూపిన సాహసానికిచ్చే అత్యున్నత పతకం అది. కార్గిల్ యుద్ధానికి నలుగురికి ఇచ్చారు. వారిలో కెప్టెన్ విక్రమ్ బత్రా, లెఫ్టినెంట్ మనోజ్ కుమార్ పాండే మరణించారు, ఇద్దరూ 24 ఏళ్లవాళ్లే. గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్, రైఫిల్‌మన్ సంజయ్ కుమార్ బతికుండగానే అందుకున్నారు. దాని తర్వాతి స్థాయి మహావీర చక్ర, ఆ తర్వాత వీర చక్ర. పై జవాబులో చెప్పిన ఆచార్య, కెంగురూసేలకు మహావీర చక్ర, థాపర్‌కు వీర చక్ర వచ్చాయి.