కుండీ మట్టి మీద తెల్ల పొర: తెగులు కాదు, బోరు నీటి ఉప్పు

ప్రశ్న: మాకు బత్తాయి తోట ఉంది. ఇంటి దగ్గర మా ఇంటావిడ డాబా మీద ముప్పై దాకా కుండీల్లో టమాట, వంగ, మిరప, గులాబి, చామంతి పెంచుతోంది. పోసేది బోరు నీళ్లే. దసరా దాటినప్పటి నుంచి మొక్కలు కళ తప్పాయి. ఆకుల అంచులు మాడుతున్నాయి. గులాబి చిగుళ్లు పసుపు పచ్చగా వస్తున్నాయి. టమాట కాయలు అడుగున నల్లబడి కుళ్లుతున్నాయి. కుండీ మట్టి మీద తెల్లటి పొర కడుతోంది. తెగులు అనుకొని రెండుసార్లు మందు కొట్టాం, డీఏపీ ఎరువు కూడా వేశాం, తగ్గలేదు. చామంతి ఏపుగా పెరిగింది కానీ డిసెంబరు వచ్చినా ఒక్క మొగ్గ వేయలేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, గుర్రంపోడు మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: ముందు ఆ మందు, డీఏపీ రెండూ ఆపండి. చామంతి సంగతి వేరు, అది తర్వాత చెబుతాను. మిగతావన్నీ ఆ తెల్ల పొర దగ్గరే మొదలవుతున్నట్టు కనిపిస్తోంది. పొరను కాస్త గీకి వేళ్ల మధ్య నలపండి. దూదిలా మెత్తగా ఉంటే బూజు. గరగరలాడితే ఉప్పు. మీ బిందెలకు, గీజరుకు సున్నంలా పట్టేది కూడా బోరు నీటిలోని ఇలాంటి లవణాల వల్లే.

మొక్క నీటిని తీసుకుంటుంది, కొంత ఎండకు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం మట్టిలోనే ఉండిపోతుంది. మీ తోటలోనూ అదే నీరు పారుతుంది కదా, మరి బత్తాయికి ఇంత ఇబ్బంది లేదేమని అడగవచ్చు. చేనులో మంచి వాన పడితే ఉప్పు వేరు కిందికి దిగిపోతుంది. అడుగు లోతు కుండీలో అది ఎక్కడికీ పోదు. అదీగాక చాలామంది డాబా మరకలు పడుతుందని కుండీ రంధ్రం మూసేస్తారు, లేదా కింద ప్లేటు పెట్టి అందులో నీళ్లు నిలవనిస్తారు. దిగిన ఉప్పు మళ్లీ పైకే వస్తుంది.

కాబట్టి మొదటి పని కడగడం. పైన అర అంగుళం మట్టి గీకి పారేయండి. అడుగు రంధ్రం తెరిచి ఉందో లేదో పుల్లతో పొడిచి చూడండి. తర్వాత 12 అంగుళాల కుండీకి సుమారు రెండు బకెట్ల నీళ్లు మెల్లగా, ఆగి ఆగి పోసి కింది నుంచి పోనివ్వండి. నల్లా నీళ్లు దొరికితే మేలు, లేదంటే బోరు నీళ్లయినా సరే. పేరుకున్న ఉప్పు కన్నా బోరు నీటిలో ఉన్నది తక్కువే. ఇలా కడిగితే నత్రజని కూడా కొట్టుకుపోతుంది. అందుకని వారం తర్వాత కుండీకి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు వేసి మట్టిలో కలపండి. ఇక మీదట పోసినప్పుడల్లా అడుగు నుంచి కొద్దిగా కారేదాకా పోయాలి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు వాడుకోవచ్చు, ఉప్పు వేసి కడిగినవి తప్ప. ఇంట్లో వాటర్ ఫిల్టర్ ఉంటే దాని పక్క పైపు నుంచి వదిలేసే నీళ్లు మాత్రం మొక్కలకు వద్దు. తాగే నీటిలోంచి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. మన జిల్లాలో ఫ్లోరైడ్ భయంతో ఫిల్టర్లు ఎక్కువ, ఆ నీళ్లు వృథా ఎందుకని కుండీల్లో పోసేవాళ్లూ ఎక్కువే.

గులాబి చిగుళ్లను దగ్గరగా చూడండి. ఆకు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే అది ఇనుప ధాతు లోపం. ఉప్పు, క్షార గుణం ఉన్న నీటికి తోడు డీఏపీలోని భాస్వరం ఎక్కువైతే ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. దీనికి మందు బత్తాయి రైతుగా మీకు తెలిసిందే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. వారం, పది రోజులకు మరోసారి. కలిపిన నీరు తుప్పు రంగుకు తిరిగితే పారబోయండి, పని చేయదు. ముదురు ఆకులు ముందుగా పసుపైతే మాత్రం అది నత్రజని లోపం, దానికి వర్మీకంపోస్టు చాలు.

టమాట అడుగు కుళ్లు అంటువ్యాధి కాదు. కాయ చివరకు కాల్షియం చేరక వస్తుంది. కాల్షియం కాయలోకి పోయేది నీటితోనే. ఒకరోజు ఎండబెట్టి మర్నాడు నిండా పోస్తే ఆ సరఫరా తెగుతుంది. మట్టిలో ఉప్పు, డీఏపీలోని అమ్మోనియా రూప నత్రజని దాన్ని ఇంకా పెంచుతాయి. ఎవరైనా కోడిగుడ్డు పెంకులు వేయమంటారు. సున్నం కట్టే నీళ్లు పోసే చోట వాటితో ఒరిగేదేమీ లేదు. అవి కరగడానికే నెలలు పడుతుంది. పాడైన కాయలు తెంపేసి, మట్టి మీద వరిగడ్డి గానీ పల్లి పొట్టు గానీ రెండు అంగుళాలు పరిచి, రోజూ ఒకే వేళకు నీళ్లు పోయండి. కొత్త పిందెలు బాగా వస్తాయి. మార్చి నుంచి ఎండలు 35 డిగ్రీలు దాటితే టమాట పూత నిలవదు. అప్పుడు మందులకు డబ్బు పెట్టకుండా పీకేసి బెండ, బచ్చలి వేసుకోండి.

ఇక చామంతి. మీరు రాయలేదు గానీ, ఆ కుండీలు వీధి దీపం వెలుగు పడేచోటో, రాత్రంతా వెలిగే మెట్ల లైటు దగ్గరో ఉన్నాయేమో చూడండి. చామంతికి మొగ్గ కట్టాలంటే తెగని పొడవాటి చీకటి కావాలి. రాత్రి వెలుతురు పడితే దానికి ఇంకా ఎండాకాలమే, ఆకు వేస్తూనే ఉంటుంది. పగలు ఎండ, రాత్రి పూర్తి చీకటి ఉండే మూలకు మార్చండి. ఇప్పుడు మారిస్తే పువ్వు విచ్చడానికి రెండు నెలలైనా పడుతుంది. వచ్చే ఏడు తలలు తుంచడం ఆగస్టుతో ఆపేయండి.

ఉప్పు నీటిని పాలకూర బాగా తట్టుకుంటుంది. బీన్స్, ఉల్లి, క్యారెట్ తట్టుకోవు, గులాబి కూడా సున్నితమే. మంచి నీళ్లు కొద్దిగానే ఉంటే ముందు గులాబికి పోయండి. జూన్ నుంచి డాబా గొట్టం కింద డ్రమ్ము పెట్టుకోండి. వంద గజాల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 800 లీటర్లు వస్తాయి. దోమలు చేరకుండా మూత గట్టిగా ఉండాలి.

నీటి పరీక్ష ఒకసారి చేయించండి, బత్తాయికీ పనికొస్తుంది. బోరు పది నిమిషాలు నడిపాక శుభ్రమైన లీటరు సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నింపి, అదే రోజు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ దగ్గరలోని మరో ప్రయోగశాలలో గానీ అడిగి ఇవ్వండి. సీసా మీద బోరు లోతు రాయడం మరవద్దు.