అడగండి, చెబుతాను: కలప, పలక

కిందటి నెల ఒక జవాబులో ప్రాచీన గ్రీకు తత్వవేత్తల మాట ఎత్తాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. సిలబస్ అయిపోవాలన్న టెన్షన్‌లో వీళ్లను రెండు వాక్యాల్లో దాటేసేదాన్ని. ఆ లోటు ఇప్పటికీ మనసులో ఉంది. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాళ్లకే.

ప్రశ్న: ‘అంతా నీరే’ అన్న థేలీస్‌ను తొలి శాస్త్రవేత్త అంటారెందుకు? రాయి నీరు కాదని నా బోటి రైతుకు కూడా తెలుసు కదా! – ఒక రైతు, జగిత్యాల జిల్లా

అయ్యా, రైతు కాబట్టి థేలీస్ మనసు మీకే తొందరగా అందుతుందని నా నమ్మకం. ఆయనది మైలీటస్ అనే రేవు పట్నం. ఇప్పుడది టర్కీ పడమటి తీరంలో ఉంది. కాలం క్రీ.పూ. 6వ శతాబ్దం. ఆయన రాసిందేదీ మనకు దక్కలేదు. రెండు వందల ఏళ్లు దాటాక అరిస్టాటిల్, ఆయన ఎందుకు అలా అని ఉంటాడో ఊహించి రాశాడు: జీవులన్నీ తినేదాంట్లో తేమ ఉంటుంది, విత్తనాలన్నిటిలో తేమ ఉంటుంది. గాదెలో ఏడాది కదలకుండా పడి ఉన్న గింజ, ఒక్క పదును తగలగానే మొలకెత్తడం మీరు చూడని సంవత్సరం ఉండదు కదా. ఆ చూపుతోనే ఆయనా లోకాన్ని చూసి ఉండాలి.

జవాబు తప్పే. కానీ పిడుగు పడినా, భూమి కంపించినా దేవుళ్ల కోపమని కథలు చెప్పుకునే కాలంలో, ఇన్ని రకాల వస్తువులకూ అడుగున ఒకే పదార్థం ఉందా అని అడిగినవాడాయన. ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టం. అదే ఊళ్లో ఆయన తర్వాతి తరంవాడు అనాక్సిమాండర్ ‘నీరు కాదు, హద్దులు లేని మరేదో’ అన్నాడు. ఆ తర్వాత వచ్చిన అనాక్సిమినీస్ ‘రెండూ కాదు, గాలి’ అన్నాడు. గాలి పలచబడితే నిప్పు, చిక్కబడితే మేఘం, ఇంకా చిక్కబడితే నీరు, మట్టి, రాయి అని ఆయన లెక్క. దానికి చూపిన గుర్తు మన నోట్లోనే ఉంది. పెదాలు బిగించి అరచేతి మీద ఊదండి, చల్లగా తగులుతుంది. నోరు బాగా తెరిచి ఊదండి, వెచ్చగా ఉంటుంది. బిగిస్తే చలువ, వదులైతే వేడి అని ఆయన తేల్చాడు. అసలు సంగతి వేరు. సన్నగా, వేగంగా పోయే ఊపిరి చుట్టూ ఉన్న చల్లగాలిని కూడా తనతో లాక్కుపోతుంది, అందుకే చల్లదనం. కారణం తప్పినా, అరచేతి మీద ఎవరైనా సరిచూసుకోగల గుర్తు చూపించాడు.

ప్రశ్న: పరమాణువును కనుగొన్నది డెమోక్రిటస్ అని ఒక గైడ్‌లో, డాల్టన్ అని మరో గైడ్‌లో ఉంది. పోటీ పరీక్షలో ఏది రాయాలి? అసలు మైక్రోస్కోపు లేకుండా డెమోక్రిటస్‌కు ఎలా తెలిసింది? – డిగ్రీ విద్యార్థిని, తెనాలి

ముందు పరీక్ష సంగతి చూద్దాం తల్లీ. ఆధునిక పరమాణు సిద్ధాంతం అంటే ఇంగ్లండ్ శాస్త్రవేత్త డాల్టన్. ఆ ఊహ మొదట ఎవరిదంటే డెమోక్రిటస్, ఆయన కంటే ముందు ల్యూసిపస్. ‘కనుగొన్నది’ అనే మాట ఇద్దరికీ సరిగా అతకదు. గైడ్ రాసినవాళ్లు ఆ ఒక్క మాటతో నిన్ను తికమక పెట్టారు.

నీ రెండో ప్రశ్న కోసం ఈ పేజీ అంతా ఇచ్చినా నాకు సంతోషమే. డెమోక్రిటస్‌ది అబ్డేరా, గ్రీసు ఉత్తర తీరం, క్రీ.పూ. 5వ శతాబ్దం. ఆయన పరమాణువును ఎక్కడా చూడలేదు. ఒక చిక్కుముడి విప్పబోతే అది దొరికింది. ఆ ముడి వేసింది ఇటలీలోని ఇలియా పట్నపు పార్మెనిడీస్. లేనిదాని నుంచి ఏదీ పుట్టదు, ఉన్నది లేకుండా పోదు, కాబట్టి మార్పు అనేదే అసాధ్యం, మన కళ్లు మనల్ని మోసం చేస్తున్నాయి అన్నాడాయన. వాదన గట్టిది. కానీ పాలు తోడుకుంటాయి, కట్టె కాలుతుంది, పిల్లలు ఎదుగుతారు. మరి ఎలా?

ఉన్నది పోదన్న మాట నిజమే, కానీ ఉన్నది ఒక్కటి కాదు, లెక్కలేనన్ని చిన్న తునకలు అన్నాడు డెమోక్రిటస్. వాటిని ఇక కోయలేం. గ్రీకులో ‘ఆటోమోస్’ అంటే కోయరానిది. వాటి మధ్య ఖాళీ ఉంది కాబట్టి అవి కదులుతాయి, కలుస్తాయి, విడిపోతాయి. పుట్టడం, పోవడం అని మనం అనుకునేది ఆ కలయిక, ఆ విడిపోవడమే. దీన్ని వివరించడానికి అరిస్టాటిల్ అక్షరాల పోలిక రాశాడు: విషాద నాటకమైనా హాస్య నాటకమైనా రాసేది అవే అక్షరాలతో. క్లాసులో నేను బోర్డు మీద ‘కలప’ అని రాసి, దాని కింద ‘పలక’ అని రాసేదాన్ని. అవే మూడు అక్షరాలు, వరస మారింది, వస్తువే మారిపోయింది. వెనక బెంచీ పిల్లలు కూడా తల ఎత్తి చూసేవారు.

తీపి, చేదు, వేడి, చలువ, రంగు అన్నవి మనం అనుకునే మాటలు, నిజంగా ఉన్నవి పరమాణువులూ శూన్యమూ మాత్రమే అన్న డెమోక్రిటస్ వాక్యం మనకు మిగిలింది. పులుపునిచ్చే పరమాణువులు కోణాలు తేలి ఉంటాయట. చింతపండు నాలుకకు తగిలినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది.

కంటికి కనిపించని తునకలున్నాయని నమ్మించే పోలికలు రోమన్ కవి లుక్రీషియస్ దగ్గర దొరుకుతాయి, క్రీ.పూ. 1వ శతాబ్దంలో. ఒడ్డున ఆరేసిన బట్ట తడుస్తుంది, ఎండలో ఆరుతుంది. తడి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో ఎవరూ చూడలేదు. వేలి ఉంగరం ఏళ్ల తరబడి లోపలివైపు అరుగుతుంది, ఏ రోజు ఎంత రాలిందో తెలియదు. మా అమ్మ మెట్టెలు చివరి రోజుల్లో కాగితంలా పలచబడ్డాయి. వాటిని చేతిలో పెట్టుకుని ఆ పద్యం చదివాను.

డాల్టన్ ఏం చేశాడంటే, తూచాడు. కార్బన్‌తో ఆక్సిజన్ రెండు రకాలుగా కలుస్తుంది. కార్బన్ బరువు ఒకటే ఉంచితే, రెండోదాంట్లో ఆక్సిజన్ సరిగ్గా రెట్టింపు. ఒకటిన్నర ఉండదు, ఒకటీ ముప్పావు ఉండదు. విడి తునకలుంటేనే ఇది కుదురుతుంది. 1808లో దీన్ని పుస్తకంగా వేశాడు. అయినా వందేళ్ల దాకా పెద్ద శాస్త్రవేత్తలే అనుమానపడ్డారు. నీటిలో తేలే సన్నని రేణువుల కదలిక మీద 1905లో ఐన్‌స్టీన్ లెక్క, ఆ తర్వాత ఫ్రెంచ్ శాస్త్రవేత్త పెరాన్ కొలతలు వచ్చాకే ఆ అనుమానం తీరింది.

ప్రశ్న: మన కణాదుడు పరమాణువు గురించి చెప్పాడు కదా, గ్రీకులు మన దగ్గరే నేర్చుకున్నారా? – పాఠకుడు, రాజమహేంద్రవరం

ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారని చూపే ఆధారం లేదండీ. రెండు ఊహలూ ఒకటి కాదు కూడా. డెమోక్రిటస్ పరమాణువుకు ఆకారం, పరిమాణం ఉంటాయి గానీ వాసన, రుచి ఉండవు. కణాదుడి దర్శనమైన వైశేషికంలో పృథ్వి (మట్టి) పరమాణువుకు గంధం దాని సొంత గుణం. కిటికీ సందులోంచి పడే ఎండలో తేలే ధూళి రేణువులో ఆరో వంతు పరమాణువు అని మన సంప్రదాయ శ్లోకం. అదే ఎండపట్టెలోని ధూళి ఆటను చూపించి లుక్రీషియస్ కూడా కనిపించని కదలికల గురించి చెప్పాడు. రెండు దేశాలవాళ్లూ ఒకే వెలుగుచారను చూస్తూ కూర్చున్నారన్న ఊహ నాకు చాలా ఇష్టం.

ప్రశ్న: గ్రీకులు ఆలోచించారే తప్ప ప్రయోగాలు చేయలేదని మా సారు చెప్పారు. నిజమేనా మేడమ్? – తొమ్మిదో తరగతి విద్యార్థి, పలాస

చాలావరకు నిజమే బాబూ. కానీ సిసిలీ ద్వీపంలోని ఎంపెడొక్లీస్ గురించి కూడా తెలుసుకో. మట్టి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగు మూలాల మాట ఆయనదే. ఊపిరి ఎలా ఆడుతుందో చెప్పడానికి ఆయన పద్యంలో ఒక చిన్నపిల్లను తెచ్చాడు. అడుగున సన్నని రంధ్రాలున్న కంచు పాత్రతో ఆ పిల్ల ఆడుకుంటుంది. పై గొట్టాన్ని చేత్తో మూసి నీళ్లలో ముంచితే, లోపలి గాలి అడ్డుపడి నీరు ఎక్కదు. చేయి తీస్తే ఎక్కుతుంది. కంటికి కనబడని గాలి కూడా ఒక వస్తువే అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

నువ్వూ చెయ్యి. ఖాళీ వాటర్ బాటిల్ అడుగున పెద్దవాళ్ల చేత సన్నని సూదితో నాలుగైదు రంధ్రాలు పెట్టించు. మూత బిగించి బకెట్లో ముంచి చూడు, తర్వాత మూత తీసి చూడు. నిండాక మూత బిగించి పైకెత్తు, నీరు కారదు. మూత వదులు చేసేటప్పుడు మాత్రం బాటిల్ బకెట్ పైనే ఉండాలి.