నట్టుతో పాటు పిన్ను కూడా తిరుగుతుంటే

అన్నా, టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ రాడ్డును చక్రం వైపు కలిపే జాయింట్) నట్టు తిప్పుతుంటే పిన్ను కూడా దాంతోపాటే తిరుగుతోందన్నారు కదా, టెన్షన్ పడొద్దు, కట్టర్ అప్పుడే తీయొద్దు. ముందు బండిని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టండి, ఒక్క జాకీని నమ్మొద్దు. నట్టు పైవైపు ఉంటే జాయింట్ కింద చిన్న జాకీ పెట్టి పైకి నొక్కండి, నట్టు కిందవైపు ఉంటే పైనుంచి రాడ్డుతో కిందికి అదమండి. పిన్ను చివరికి పోను పోను సన్నగా ఉంటుంది కాబట్టి నొక్కితే రంధ్రంలో బిగుసుకుని తిరగడం ఆగుతుంది. నట్టు మొత్తం తీసేయకుండా, పిన్ను మీద కాకుండా, అది దూరిన ఇనుము పక్క భాగం మీద సుత్తితో గట్టిగా కొడితే పిన్ను ఊడుతుంది. పాత టై రాడ్ ఎండ్ రాడ్డు నుంచి ఎన్ని చుట్లకు వచ్చిందో లెక్కపెట్టుకుని కొత్తది అన్నే చుట్లు బిగించండి. ఇది అలైన్‌మెంట్ (చక్రాల దిశ సరిచేసే) షాపు దాకా మెల్లగా పోవడానికే సరిపోతుంది, అలైన్‌మెంట్ చేయించకుండా అనంతపురం దాటి 44వ నంబర్ హైవే మాత్రం ఎక్కొద్దు.